‘అక్కా’ అని పిలిచి... అయినవాళ్ళని దూరం చేస్తారు!

2018 జనవరి 31. ఆ సాయంత్రం చంద్రగ్రహణం. విడుపు స్నానాలు చేసి, దర్భ పోచలు వేసిన పచ్చడి జాడీలు మళ్ళీ అలమరలో సర్దుకుని, పిల్లల్ని పడుకోబెట్టుకున్నాం మనమంతా. మర్నాడు పొద్దున్న ఉప్పల్ చిలకానగర్‌లో ఒక ఇంటి డాబా మీద పసిబిడ్డ తల కనిపించింది!

ఆ వార్త విన్నాక ఈ చుట్టుపక్కల తల్లి అన్నది ఎవరైనా వణక్కుండా ఉండగలిగిందా? రెండు వారాలకు పోలీసులు ఆ ఇంట్లోనే ఉండే భార్యాభర్తలను అరెస్టు చేశారు. భార్యకు ఎన్నాళ్ళుగానో నయం కాని జబ్బు, ఎవరో మంత్రగాడు చెప్పిన మాట, గ్రహణం రాత్రి పూజ... ఇదీ అప్పట్లో పోలీసులు చెప్పిన కథనం. నేరం ఎవరిది, శిక్ష ఎంత అన్నది కోర్టుల పని. మనల్ని నిద్రపోనివ్వని ప్రశ్న ఇంకొకటుంది. జబ్బులు మన ఇళ్ళల్లోనూ ఉన్నాయి, అప్పులూ ఉన్నాయి. కష్టంలో ఉన్న మనిషి తన బుర్రను తీసి ఇంకొకరి చేతిలో ఎలా పెట్టేస్తుంది? అదీ ఒక్కరోజులో కాదు, పాలు తోడుకున్నట్టు తనకే తెలియకుండా!

ఒక మంత్రగాడు ఒక ఇంటిని పట్టుకుంటే అది ఒక ఇంటి గొడవ. అదే పద్ధతిలో ఒక మనిషి యాభై ఇళ్ళనో, ఐదువేల ఇళ్ళనో పట్టుకుంటే దాన్ని కల్ట్ అంటారు. మన పిల్లలు సినిమా బాగుంటే ‘కల్ట్ సినిమా’ అని మురిసిపోతున్నారు గానీ, అసలు మాటకి అంత ముచ్చటైన అర్థమేమీ లేదు. ఒక గురువో నాయకుడో చెప్పిందే సత్యమని నమ్మించి, మనిషిని ఇంటికీ డబ్బుకీ సొంత ఆలోచనకీ దూరం చేసే గుంపు అని చెప్పుకోవచ్చు.

ఇక్కడే ఒక మాట స్పష్టంగా అనుకుందాం. మీ కాలనీ గుడిలో గురువారం భజనని, ధనుర్మాసం తిరుప్పావైని, ఆదివారం చర్చిని, దర్గాకి మొక్కే మొక్కుని ఎవరూ తప్పు పట్టడం లేదు. భజన మానేసి ఒక నెల ఊరెళ్ళి రండి. తిరిగొచ్చాక ‘ఏం వదినా, కనపడలేదు?’ అంటారు, అంతే. ఆ నెల రోజులకి మిమ్మల్ని దోషిలా నిలబెట్టి సంజాయిషీ అడిగారంటే మాత్రం అది వేరే వ్యవహారం.

మీరే అనుకోండి...

మీరు నాచారంలో ఒక మూడంతస్తుల అపార్ట్‌మెంటులో అద్దెకుంటున్నారనుకోండి. సొంతూరు వరంగల్ వైపో నల్గొండ వైపో. మీ ఆయన పొద్దున్న ఎనిమిదింటికి ఉప్పల్లో మెట్రో ఎక్కితే రాత్రి ఎనిమిదికి గానీ రారు. పిల్లలు స్కూలుకి. పారిశ్రామికవాడ వైపు నుంచి లారీల మోతా, పక్క ఫ్లాటులో టీవీ మోతా తప్ప పగలంతా మాట్లాడే మనిషి లేదు. పైగా ఈమధ్యే మీ నాన్నగారు పోయారు. లేదా అబ్బాయికి మాటిమాటికీ ఫిట్స్ వస్తున్నాయి. ఉప్పల్ చౌరస్తా చుట్టూ పెరిగిన కాలనీల్లో ఇలాంటి ఇల్లాళ్ళు ఎంతమంది లేరు! పుట్టింటి నుంచి బస్సు దిగితే ఉప్పలే మొదటి మజిలీ కాబట్టి ఇక్కడే ఇల్లు చూసుకున్నవాళ్ళు. ఇంట్లో అన్నీ ఉన్నాయి, పెద్దదిక్కే లేదు.

ఒకరోజు ఆస్పత్రి వరండాలో చీటీ పట్టుకుని కూర్చున్నారు. పక్కనావిడ ‘ఎవరికి బాగోలేదక్కా?’ అని అడిగింది. నిజంగా వినే చెవులు దొరికి ఎన్నాళ్ళయిందో మీకు! చెప్పేశారు. ఆవిడ చెయ్యి పట్టుకుంది. రెండోరోజు ఉప్మా డబ్బాతో ఇంటికొచ్చింది. మూడోరోజు ఫోన్ చేసి ‘బాబుకి జ్వరం తగ్గిందా?’ అంది. మీ ఆడబిడ్డ కూడా అడగని మాట అది.

ఇందులో మోసం ఎక్కడుంది? నిజం చెప్పాలంటే ఆవిడ దగ్గర మోసం లేకపోవచ్చు కూడా. చాలాసార్లు ఆవిడా నిన్నటిదాకా మీలాగే వరండాలో కూర్చున్న మనిషే, నిజంగానే మీకు మేలు చేస్తున్నాననుకుంటోంది. అందుకే ‘మోసగాళ్ళ కళ్ళు చూస్తే తెలిసిపోతుంది’ అనే ధైర్యం పనికిరాదు.

వారం తర్వాత ‘మా అక్కయ్యలంతా కలుస్తున్నాం, ఊరికే వచ్చి కూర్చోండి, నచ్చకపోతే మానేద్దురు’ అంటుంది. వెళ్తారు. గుమ్మంలోనే నలుగురు ఎదురొస్తారు. ‘మీ గురించి ఎంత విన్నామో!’ అంటారు. మీ చీర బాగుందంటారు, మీ గొంతు బాగుందంటారు, మీ ముఖంలో ఏదో కళ ఉందంటారు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో మీరు వండిన కూర బాగుందని కూడా ఎవరూ అనని ఇంట్లోంచి వచ్చారు మీరు. ఇంగ్లీషులో ఈ పద్ధతికి ‘లవ్ బాంబింగ్’ అని పేరే ఉంది. ప్రేమని బాంబుల్లా కురిపించడమన్నమాట! ఆ ప్రేమకి అలవాటు పడ్డాక, అది కాస్త తగ్గిస్తే చాలు, మీరు ఏం చెబితే అది చేస్తారు.

సబ్బు గురించి అడిగారు, అలమర తెరిచారు!

చిన్న కోరికతో మొదలుపెడితే పెద్ద కోరికకి దారి పడుతుందని మన పెద్దలకి తెలుసు. దాన్ని లెక్కలతో చూపించిన పరిశోధన ఒకటుంది, అది ఇల్లాళ్ళ మీదే జరిగింది. 1966లో అమెరికాలో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దాన్ని ప్రచురించారు. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో ఊళ్ళో గృహిణులకి ఫోన్ చేసి, ‘మీరు ఏ సబ్బు వాడతారు’ లాంటి చిన్న ప్రశ్నలు కొన్ని అడిగారు. మూడు రోజుల తర్వాత మళ్ళీ ఫోన్ చేసి, ‘ఐదారుగురు మగవాళ్ళు మీ ఇంటికొచ్చి రెండు గంటలపాటు అలమరలన్నీ తెరిచి ఏమేం ఉన్నాయో రాసుకుంటారు, సరేనా?’ అన్నారు. వినడానికే ఎంత అసహ్యంగా ఉంది! అయినా సబ్బు ప్రశ్నలకి జవాబు చెప్పిన వాళ్ళలో సగం మందికి పైగా సరేనన్నారు. ముందు ఏ ఫోనూ లేకుండా నేరుగా ఈ పెద్ద కోరిక కోరితే ఒప్పుకున్నవాళ్ళు నూటికి 22 మందే.

ఇప్పుడు మళ్ళీ మీ నాచారం ఇంటికొద్దాం. మొదట అడిగింది వారానికి ఒక గంట. తర్వాత పూలదండకి నూటొక్క రూపాయి. తర్వాత తెల్లవారుజామున నాలుగింటికి సేవ. ఉల్లి, వెల్లుల్లి మానమన్నారు, మానేశారు. ఒంటిపూట భోజనం అన్నారు, అదీ చేశారు. ఇవన్నీ మన నోముల్లో వ్రతాల్లో ఉన్నవే కదా అనిపిస్తుంది. ఉన్నవే! అక్కడే తిరకాసు. వ్రతానికి ఉద్యాపన ఉంటుంది, ఉపవాసానికి పారణ ఉంటుంది. వీళ్ళ దీక్షకి చివరి రోజంటూ ఉండదు. నెలల తరబడి నాలుగు గంటల నిద్ర, సగం కడుపు తిండి అయితే ఎంత తెలివైన మనిషికైనా తర్కించే ఓపిక ఎక్కడుంటుంది? చంటిబిడ్డ తల్లిగా రాత్రుళ్ళు మేలుకున్న రోజులు గుర్తు తెచ్చుకోండి. పాలగిన్నె ఎక్కడ పెట్టామో గుర్తుండేది కాదు.

‘అనుభవం’ చూపిస్తామంటారు ఇంకొన్ని చోట్ల. కళ్ళు మూసుకుని గబగబా ఊపిరి పీల్చి వదలమంటారు, పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, పెదాలు జుమ్మంటాయి, తల గాల్లో తేలిపోతుంది. ‘చూశారా, శక్తి దిగింది!’ అంటారు. దిగింది శక్తి కాదండీ. ఊపిరి మరీ వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి ఎవరికైనా అలాగే అవుతుంది. భయంతో రొప్పుతున్న మనిషికీ అవుతుంది. ఏ దేవుడి పేరు చెప్పుకుని చేసినా, ఏ పేరూ చెప్పకుండా చేసినా అంతే.

తర్వాత వస్తుంది డైరీ. ‘మనసులో ఉన్న మురికంతా కక్కేయండి, తేలికపడతారు’ అంటారు. పెళ్ళికి ముందు ఎవరినో ఇష్టపడిన సంగతి, అత్తగారి మీద పళ్ళు నూరుకున్న సంగతి, మీ ఆయన లెక్కల్లో రాయని డబ్బు సంగతి... అన్నీ రాస్తారు. అందరి ముందూ చదువుతారు. ఏడుస్తారు. నిజంగానే తేలికపడతారు కూడా. ఆ డైరీ మాత్రం మీ దగ్గర ఉండదు. రేపు మీరు వెళ్ళిపోతానంటే ఆ పుస్తకం తెరుచుకుంటుంది. అమెరికన్ మానసిక వైద్యుడు రాబర్ట్ జే లిఫ్టన్, కమ్యూనిస్టు చైనా జైళ్ళలో ‘ఆలోచన సంస్కరణ’ పేరుతో నలిగి బయటపడ్డవాళ్ళతో 1950లలో మాట్లాడి, 1961లో ఒక పుస్తకం రాశాడు. మనుషుల మనసు మార్చే ఎనిమిది పద్ధతులు అందులో చెప్పాడు. వాటిలో ఈ పాపాల ఒప్పుకోలు ఒకటి. తమ గుంపుకే అర్థమయ్యే ప్రత్యేకమైన మాటలు వాడటం ఇంకొకటి. మీకు వచ్చిన సందేహానికి ‘అహంకారం’ అనో ‘పాత కర్మ’ అనో ‘శత్రువు స్వరం’ అనో పేరు పెట్టేస్తే చాలు, ఇక మీరు దాన్ని పైకి అనరు. కొన్నాళ్ళకి లోపల కూడా అనుకోరు.

ఇక అన్నిటికన్నా నెమ్మదిగా జరిగేది ఇది. ‘మీ అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా మీ మనసు కలత పడుతోంది చూశారా? కొన్నాళ్ళు ఎత్తకండి’ అంటారు. తప్పేముంది, కొన్నాళ్ళేగా! చెల్లెలు వేళాకోళం చేసింది కాబట్టి చెల్లెల్ని దూరం పెడతారు. మీ ఆయన డబ్బు అడిగారు కాబట్టి ఆయనది ‘కింది స్థాయి’ అవుతుంది. గాజులు అమ్మి సేవకి ఇచ్చారు. బాబు ఫిట్స్ మాత్రలు ‘నమ్మకం లేనివాళ్ళకి’ కాబట్టి పక్కన పెట్టారు. ఇక్కడొక్కచోట ఆగి గట్టిగా చెప్పాలి. ఫిట్స్ మాత్రలు, బీపీ మాత్రలు, ఇన్సులిన్, థైరాయిడ్ మాత్ర... ఇవి హఠాత్తుగా మానేయమని ఎవరు చెప్పినా, ఎంత ప్రేమగా చెప్పినా, ఆ మాట విన్న క్షణమే చెప్పులేసుకుని బయటికి రావాలి. ఫిట్స్ మందు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణమే పోవచ్చు.

మొదటిరోజే ఆవిడ ‘గాజులివ్వు, అమ్మతో మాట్లాడకు, పిల్లాడి మందు ఆపు’ అని ఉంటే మీరు తలుపు వేసేసేవారు. ఎవరూ అలా అడగరు. ఆ తేడా అర్థమైతే మనకి చిలకానగర్ వార్త కూడా ఇంకోలా వినిపిస్తుంది.

చదువుకున్నవాళ్ళు పడరా?

పడతారు. ఇంకా బాగా పడతారని కూడా అనిపిస్తుంది నాకు. ఎందుకంటే తాము మోసపోయామని ఒప్పుకోవడం వాళ్ళకి మరీ కష్టం.

ఢిల్లీ రోహిణిలో వీరేంద్ర దేవ్ దీక్షిత్ అనే ఆయన పెట్టిన ‘ఆధ్యాత్మిక విశ్వవిద్యాలయ’ అనే ఆశ్రమం ఉంది. 2017 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు పంపిన బృందం లోపలికి వెళ్ళి చూస్తే వందమందికి పైగా ఆడవాళ్ళు, వాళ్ళలో మైనర్ ఆడపిల్లలు కూడా, ఇనుప తలుపుల వెనక కనిపించారు. కోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. దీక్షిత్ పరారయ్యాడు. ఆ ఆశ్రమం మీద కోర్టుకెక్కిన వాళ్ళలో ఒక తెలుగు తల్లీతండ్రీ ఉన్నారు. అమెరికాలో పెద్ద చదువులు చదివిన కూతురు అక్కడ చేరిపోయింది. కూతురేమో ‘నా ఇష్టంతోనే ఉంటున్నాను’ అంది. మేజరైన మనిషి ఆ మాట అన్నాక ఏ కోర్టయినా చెయ్యి పట్టుకుని ఇంటికి పంపలేదు. 2022 ఏప్రిల్‌లో హైకోర్టు అక్కడి ఆడవాళ్ళ బాగోగులు చూడటానికి కిరణ్ బేడీ పర్యవేక్షణలో ఒక కమిటీ వేసింది. అంతవరకే చేయగలిగింది. ఆ తల్లి స్థానంలో ఒక్క నిమిషం నిలబడి చూడండి. కూతురు కళ్ళెదురుగానే ఉంది, ‘రాను’ అంటోంది!

మదనపల్లె సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2021 జనవరి 24న చదువుకున్న ఇద్దరు ఆడపిల్లలు సొంత ఇంట్లోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. తండ్రి ప్రభుత్వ కాలేజీలో కెమిస్ట్రీ అధ్యాపకుడు, తల్లి లెక్కల్లో పీజీ చేసి స్కూలు నడిపిన మనిషి. మర్నాడు సత్యయుగం మొదలవుతుందని, పిల్లలు లేచి వస్తారని వాళ్ళు చెబుతుంటే పోలీసులే నిర్ఘాంతపోయారు. అక్కడ ఆశ్రమం లేదు, గుంపు లేదు. ఒకరి నమ్మకాన్ని ఒకరు పెంచుకుంటూ, బయటివాళ్ళ రాకపోకలు తగ్గించుకున్న ఇల్లే ఉంది. ‘అదేం మాట పిన్నీ?’ అని అడిగే నాలుగో మనిషి వచ్చిపోతుంటే ఎలా ఉండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంటుంది.

జపాన్‌లో ఓం షిన్‌రిక్యో అనే గుంపు 1984లో టోక్యోలో ఒక యోగా క్లాసుగా మొదలైంది. సైన్సు చదివిన కుర్రాళ్ళు, డాక్టర్లు అందులో చేరారు. 1995 మార్చి 20న ఆ గుంపువాళ్ళే టోక్యో భూగర్భ రైళ్ళలో సారిన్ అనే విషవాయువు వదిలారు. అంతకుముందు 1978 నవంబరు 18న దక్షిణ అమెరికాలోని గయానాలో జిమ్ జోన్స్ అనే పాస్టర్ మాట మీద సైనైడ్ కలిపిన పానీయంతో 900 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో మూడొందల మంది దాకా పిల్లలు. ఆ పిల్లలు తాగలేదు, వాళ్ళకి పట్టించారు. ఆ రోజుకి ముందు విషం లేని పానీయంతో రిహార్సల్స్ కూడా చేయించారట. సబ్బు ప్రశ్న గుర్తొచ్చిందా?

డబ్బు సంగతి చెప్పాలంటే మన తెలుగు నేల మీదే ఒక లెక్క ఉంది. ఎల్ఐసీలో గుమాస్తాగా పనిచేసి తర్వాత కల్కి భగవాన్‌గా పేరుపడిన విజయకుమార్ నాయుడి సంస్థల మీద 2019 అక్టోబరులో ఆదాయపు పన్ను శాఖ సోదాలు చేసింది. అప్పటి చిత్తూరు జిల్లా వరదయ్యపాళెం నుంచి చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ దాకా జరిగిన ఆ సోదాల్లో 43.9 కోట్ల రూపాయల నగదు, 25 లక్షల డాలర్లు, 88 కిలోల బంగారం దొరికాయని, లెక్క చూపని ఆదాయం 500 కోట్లు దాటుతుందని ఆ శాఖే ప్రకటించింది. అది పన్నుల వ్యవహారం, భక్తుల నమ్మకం మీద తీర్పు కాదు. అయినా 88 కిలోల బంగారం అంటే ఎన్ని తులాలో ఒక్కసారి లెక్క వేసుకోండి!

దేవుడి పేరే ఉండాలని కూడా లేదు. గొలుసుకట్టు వ్యాపారాలు చూడండి. ఫంక్షన్ హాల్లో చప్పట్లు, కోటు వేసుకున్న ‘లీడర్’, ‘నిన్ను వెనక్కి లాగేవాళ్ళే నీ శత్రువులు’ అనే ఉపదేశం... అంతా అదే బాణీ! 2018లో ఫ్యూచర్ మేకర్, 2019లో ఈబిజ్ అనే సంస్థల నిర్వాహకులను సైబరాబాద్ పోలీసులు అరెస్టు చేసినప్పుడు చూశాం. మనుషుల్ని చేర్పిస్తే డబ్బొచ్చే పథకాలను నిషేధిస్తూ 1978 నుంచే చట్టం ఉంది. బావగారిని చేర్పించాక బావగారి ముఖం చూడలేక అందులోనే ఉండిపోయిన వాళ్ళు ఎందరో.

ఇప్పుడు కుర్చీ మారుద్దాం

ఇంతసేపూ మీరు నాచారం ఇల్లాలు. ఇప్పుడు మీరు ఆవిడ చెల్లెలు. రామంతాపూర్‌లో ఉంటున్నారు. అక్క ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తినా ‘మా గురూజీ...’ తప్ప ఇంకో మాట లేదు. సంక్రాంతికి రాలేదు. చేతికి గాజుల్లేవు. ఏం చేస్తారు?

మనందరం మొదట చేసేది ఒకటే. ఇంటికెళ్ళి తిట్టడం. ‘నీకేమైనా పిచ్చా? వాడొక దొంగ, నువ్వొక వెర్రిదానివి’ అని. గుంపువాళ్ళు అక్కకి ముందే చెప్పి ఉంచారు, ‘మీవాళ్ళు వచ్చి ఇలాగే అంటారు’ అని. మీరు అన్నారు. వాళ్ళ జోస్యం నిజమైంది! గురువుని తిట్టిన ప్రతిసారీ అక్క గురువు పక్కకే జరుగుతుంది.

రెండోది, బలవంతంగా తెచ్చి గదిలో పెట్టడం. 1970లలో అమెరికాలో టెడ్ పాట్రిక్ అనే ఆయన తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకుని ఇదే పని చేసేవాడు. మేజర్లని ఎత్తుకొచ్చినందుకు చివరికి ఆయనే జైలుకెళ్ళాడు. మన దగ్గర ఇంకో రకం ఉంది. అక్కకి ఎవరో ఏదో చేశారని ఇంకో స్వామి దగ్గరికి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించడం. ఒక చేతిలోంచి లాగి ఇంకో చేతిలో పెట్టినట్టే కదా!

మరి? అక్కతో మామూలు మాటలు మాట్లాడండి. విడ్డూరంగా ఉందా? ఆవిడకి ఇప్పుడు కరువైంది అవే. టమాటా ధర, మీ పిల్లాడి లెక్కల మార్కులు, చిన్నప్పుడు వేములవాడ వెళ్ళినప్పుడు తప్పిపోయిన సంగతి... గుంపులో చేరకముందు ఉన్న అక్క ఆ మాటల్లోనే ఇంకా బతికి ఉంటుంది. వారానికి ఒకసారి, ఒకే సమయానికి ఫోన్ చేయండి. ఎత్తకపోతే ఓ చిన్న మెసేజ్ పెట్టండి. అలగకండి. మీరు అలిగితే వాళ్ళ పని మీరు చేసిపెట్టినట్టు.

ఆవిడే గుంపు సంగతి ఎత్తితే కొట్టిపారేయకుండా వినండి. విని, నెమ్మదిగా ఒక్క ప్రశ్న అడగండి. ‘అక్కా, రెండేళ్ళ క్రితం ఎవరైనా ఇంత డబ్బు అడిగితే నువ్వేమనేదానివి?’ ‘అక్కడ ఎవరైనా గురూజీది తప్పు అంటే ఏం జరుగుతుంది?’ ‘ఎవరైనా మానేస్తే తర్వాత వాళ్ళతో మాట్లాడతారా?’ జవాబు మీకు చెప్పక్కర్లేదు. తను ఆలోచిస్తే చాలు. వాదనలో గెలవాలని చూడకండి.

ఈలోగా బావగారితో కూర్చుని కొన్ని పనులు చక్కబెట్టుకోవాలి. ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు, ఉన్న బంగారం ఎక్కడున్నాయో చూసుకోవాలి. ఎప్పుడు ఎంత డబ్బు వెళ్ళిందో తేదీలతో ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోవాలి, రసీదులుంటే దాచాలి. ఖాళీ కాగితం మీద, స్టాంపు కాగితం మీద సంతకం అడిగారేమో కనుక్కోవాలి. పిల్లాడి మందు ఒక్కపూట కూడా తప్పకుండా బావగారే వేయాలి.

పోలీసుల దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి? పెద్ద మనిషి తన ఇష్టంతో ఏదో నమ్మితే వాళ్ళూ ఏమీ చేయలేరు, ఢిల్లీ కథలో చూశాం కదా. కానీ బెదిరింపు ఉంటే, డబ్బు మోసం ఉంటే, ఆడవాళ్ళ మీద చెయ్యి పడితే, ఎవరినైనా బంధిస్తే అప్పుడది నమ్మకం కాదు, నేరం. 112కి చేయొచ్చు, మహిళల కోసం 181 ఉంది, పిల్లలకి సంబంధించినదైతే 1098. గుంపు మాటలతో మొదలైనా లోపల అసలు మానసిక జబ్బు ఉండి ఉండొచ్చు. నిద్రపోకుండా రోజుల తరబడి మాట్లాడటం, ఎవరివో గొంతులు వినిపిస్తున్నాయనడం, చచ్చి లేస్తాననడం ఉంటే ఆలస్యం చేయకూడదు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్‌కి 14416 నంబరులో ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చి లేస్తాననే మాట ఎవరి నోట విన్నా ఆ ఇంట్లో పిల్లల్ని ముందు వేరే చోటికి పంపండి. ఎవరేమనుకుంటారో తర్వాత చూసుకోవచ్చు.

అక్క ఎందుకు ఇంకా రావడం లేదని విసుగొస్తే ఆవిడ లెక్క ఒకసారి వేసి చూడండి. గాజులు పోయాయి. స్నేహితులంతా ఆ గుంపులోనే. రహస్యాలన్నీ ఆ డైరీలోనే. వదిలేస్తే బాబుకి కీడు జరుగుతుందన్న భయం. ఇవన్నీ దాటి గుమ్మం దాకా వచ్చిందనుకోండి, గుమ్మం అవతల ఏముంది? ‘నేను ముందే చెప్పానా లేదా!’ అని చెయ్యి తిప్పుతూ నిలబడ్డ చెల్లెలు, నలుగురిలో నవ్వే తోటికోడలు. వాళ్ళని తలుచుకునే వెనక్కి తిరిగిపోతుంది చాలాసార్లు. కాబట్టి ఆ ‘ముందే చెప్పాను’ అనే మాటని ఇప్పుడే మింగేయండి. చేదుగా ఉంటుంది, నాకు తెలుసు.

వచ్చాక కూడా కొన్నాళ్ళు వింతగానే ఉంటుంది ఆవిడకి. నాలుగింటికే మెలకువ వస్తుంది. కూర ఏం వండాలన్నా ఎవరినో అడగాలనిపిస్తుంది. ఆ ప్రేమించిన అక్కయ్యలు గుర్తొచ్చి ఏడుపొస్తుంది కూడా, ఎందుకంటే ఆ స్నేహం అంతా అబద్ధం కాదు. ఏడవనివ్వండి. కూర మాత్రం తననే నిర్ణయించమనండి.

అప్పటిదాకా చేయగలిగినవి చిన్న పనులే. ఈ ఎండాకాలం ఆవకాయ పెట్టినప్పుడు ఒక జాడీ ఎక్కువ పెట్టండి. రామంతాపూర్ నుంచి నాచారం ఎంత దూరమని? మీరే తీసుకెళ్ళి గుమ్మంలో ఇచ్చేయండి. వెల్లుల్లి తినడం లేదంటే వెల్లుల్లి వేయకుండానే పెట్టండి, దాని మీద వాదన వద్దు. లోపలికి రమ్మనకపోయినా ఫరవాలేదు. వచ్చేటప్పుడు మాత్రం ‘జాడీ అమ్మదక్కా, ఖాళీ అయ్యాక నువ్వే తెచ్చివ్వు’ అని చెప్పి రండి.